గుడిబిళ్ల వాటా

లక్ష్మీరాజం ఇంటి దేవుడు రూపాయి బిళ్ల కంటే కాస్త చిన్నవాడు. వెండివాడు. సూరత్‌లోని పర్వత్ పాటియాలో రెండు గదుల ఇంట్లో, వంటింటి అలమర పై అరలో, ఇత్తడి కుంకుమ భరిణెలో, పసుపు గుడ్డ మడతలో ఉంటాడు. ఒక వైపు గుడి ఉంటుంది: గుండ్రటి కప్పు, దాని కింద స్తంభాలు, స్తంభాల నడుమ కూర్చున్న ఓ చిన్న రూపం, అడుగున మెట్లు. రెండో వైపు మెడ లావుగా ఉన్న ఒక మగమనిషి తల. గుడి ఉన్నచోట పూజారి ఉండడా అని ఇంట్లోవాళ్లు ఆ లావుమెడ మనిషిని పూజారిగా ఖాయం చేసేశారు. నాలుగు తరాలుగా ఆయనకూ బొట్టు పెడుతూనే ఉన్నారు.

లక్ష్మీరాజం ముత్తాత పెద్దపల్లి దగ్గరి ఊళ్లో మగ్గం కోసం గుంట తవ్వుతుంటే అది గడ్డపారకు తగిలిందట. నేసేవాడి కాళ్ల కింద దొరికింది కాబట్టి నేతగాళ్ల దేవుడేనని ముత్తాత తేల్చేశాడు. అప్పుడు పక్కన ఆయన భార్య తప్ప ఎవరూ లేరు, ఆమెను ఎవరూ అడగలేదు. దాన్ని గుడిబిళ్ల అన్నారు. బిడ్డలు, మనవలు ఊరు వదిలి మరమగ్గాల వెంట సూరత్ దాకా వచ్చారు, గుడిబిళ్ల కూడా పసుపు గుడ్డలో వాళ్లతోపాటే రైలెక్కి వచ్చింది.

దానికో పద్ధతి ఉంది. అన్నదమ్ములు వేరుపడితే బిళ్ల పెద్దవాడి దగ్గరే ఉంటుంది. వెళ్లేవాడికి వాటాగా దాని అంచు నుంచి చిటికెడు వెండి రజను రాకి ఇస్తారు. ఆకురాయి పట్టేది పెద్దవాడే, మరొకరి చెయ్యి పడకూడదు. వెళ్లేవాడు ఆ రజనును కొత్త వెండిలో కలిపి తన ఇంటికి ఒక బిళ్ల పోయించుకుంటాడు. ఆ బిళ్ల వచ్చాకే కొత్తింట్లో పొయ్యి ముట్టించాలి, పాలు పొంగించాలి. ముందే ముట్టిస్తే ఏమవుతుందని అడిగిన మగవాడు ఆ వంశంలో ఇంతవరకూ పుట్టలేదు.

అలా గుడిబిళ్ల అంచున ఐదు గంట్లు పడ్డాయి. రెండు తాత తమ్ముళ్లవి, మూడు బాపు తమ్ముళ్లవి. ఏ గంటు ఎవరిదో లక్ష్మీరాజం కళ్లు మూసుకొని వేలితో తడిమి చెప్పగలడు. ఆ ఐదు ఇళ్లూ ఇప్పుడు భివండీలో, షోలాపూర్‌లో, సిరిసిల్లలో, ఇక్కడే లింబాయత్‌లో చెట్టుకొకరు పుట్టకొకరుగా ఉన్నాయి. బిళ్ల మాత్రం నలువైపులా కొరికిన అప్పాలా తయారైంది.

ఆరో గంటు అడగడానికి ఒక సెలవురోజు పొద్దున తమ్ముడు రవీంద్ర వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. వచ్చి కూర్చున్నాడంటే ఎక్కడి నుంచో కాదు, పక్క గది నుంచే. అన్నదమ్ములిద్దరి సంసారాలూ ఆ రెండు గదుల్లోనే, వంట ఒక్కటే.

"అన్నా, ఊరవుతల ఉన్‌ల రూము దొరికింది" అన్నాడు రవీంద్ర, చాపకేసి చూస్తూ. "సచిన్‌ల నేను పనిజేసే కార్ఖానాకు పది నిమిషాలు, గంతే. ఈడికెళ్లి పోవుడు గంటన్నర, వచ్చుడు గంటన్నర. బండి మీదనే పానం పోతదేమో అనిపిస్తున్నది. నువ్వు జర వాటా తీసిస్తే..."

"ఏం వాటా?" అన్నాడు లక్ష్మీరాజం. ఏం వాటానో ఆయనకు బాగా తెలుసు.

"గుడిబిళ్లది."

"చూద్దాం తియ్యి" అని లేచి, అవసరం లేకపోయినా చెప్పులు వేసుకొని బయటికి నడిచాడు. వీధి చివరి టీ బండి దాకా వెళ్లాడు, టీ తాగకుండానే వెనక్కి వచ్చాడు.

తమ్ముడు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. రోజుకు పన్నెండు గంటల పని, మూడు గంటల ప్రయాణం. ఎవరైనా వెళ్లిపొమ్మనే అంటారు. లక్ష్మీరాజానికి కూడా ఆ మాట నోటిదాకా వచ్చింది. అయినా బయటికి రాలేదు. బాపు సోమలింగం పోయేనాటికి రవీంద్రకు పన్నెండేళ్లు. ఇరవై ఆరేళ్ల లక్ష్మీరాజం వాణ్ని బడికి పంపాడు, బడి వద్దంటే తన వెంట సాంచాల మధ్య నిలబెట్టుకొని పని నేర్పాడు. అలాంటి మరమగ్గాలు నలభై ఒక్కసారి ఆడే చోట మాట వినిపించదు కాబట్టి ఇద్దరూ చేతులతో, పెదాలతో మాట్లాడుకునేవారు. పోగు తెగితే ఒక సైగ, మేస్త్రీ వస్తుంటే ఒక సైగ, ఆకలైతే ఒకటి. ఆ అలవాటుకు ఇంట్లోనూ పెద్దగా మాట్లాడుకోరు. కానీ రాత్రి అన్నానికి లక్ష్మీరాజం కంచం పక్కన తమ్ముడి కంచం లేకపోతే ఆయనకు ముద్ద దిగదు. వాడు రాత్రి పాళీకి పోయిన వారాల్లో ఆయన సగం తిని లేచేవాడు. ఈ సంగతి ఆయన భార్య లలితమ్మకు తెలుసు, కంచం కడిగేది ఆమె కదా.

రెండు రోజులు గడిచాయి. మూడో రోజు లక్ష్మీరాజం భరిణె దించి, గుడిబిళ్లను అరచేతిలో పెట్టుకొని, ఎక్కడ రాకాలా అని తిప్పితిప్పి చూశాడు. అంచు చుట్టూ చోటు లేదు. మిగిలిందల్లా గుడి మెట్ల కింద ఇంత సందు. అక్కడ ఆకురాయి పెడితే మెట్లు పోతాయి. బీకాం చదువుతున్న కూతురు ప్రసన్న పక్కన చేరి ఫోన్‌తో ఫోటో తీసింది. ఫోన్‌లో ఏవో వెతికింది. కాసేపటికి కళ్లు పెద్దవి చేసుకొని తండ్రి ముందుకు ఫోన్ జరిపింది.

"బాపూ, అచ్చం మనదాని లెక్కనే ఉన్నది చూడు. పరదేశపు సిక్కా అట. మస్తు పాతది. మా కాలేజీ సారు ఒకాయన ఉండె, రిటైరయిండు. పాత సిక్కాలు బాగ తెలుసు ఆయనకు. పోదామా?"

ఇంకో సమయంలో అయితే లక్ష్మీరాజం, దేవుణ్ణి ఊరంతా తిప్పుతవా అని కసిరేవాడు. ఇప్పుడు మాత్రం గుడ్డలో చుట్టి జేబులో వేసుకున్నాడు. ఆయనకు కావలసింది కొంచెం ఆలస్యం, అది ఎటువైపు నుంచి వచ్చినా సరే.

నాన్‌పురాలో ఆ దేశాయి సారు ఇల్లు. డెబ్బై దాటిన మనిషి, బక్కగా ఉన్నాడు. బిళ్లను మెత్తటి గుడ్డమీద పెట్టి భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు. చూస్తున్నకొద్దీ ఆయన నోరు తెరుచుకుంది. తర్వాత హిందీలో మొదలుపెట్టాడు.

"ఇది రోమ్ రాజ్యపు వెండి నాణెం. దాదాపు రెండువేల ఏళ్లది. అప్పుడు మన మిరియాలకూ మన బట్టకూ ఆ దేశపు ఓడలు వచ్చేవి, వెండి ఇచ్చి కొనుక్కుపోయేవి. మీ తెలంగాణ నేలలో ఇట్లాంటివి అక్కడక్కడ దొరికాయి. ఇదిగో, ఈ తల నీరో అనే చక్రవర్తిది. అంత మంచి పేరున్నవాడు కాదు."

ప్రసన్న నవ్వు ఆపుకోలేక దుపట్టా అడ్డం పెట్టుకుంది. పూజారి గారి భాగోతం అట్లా బయటపడింది. లక్ష్మీరాజం మాత్రం నవ్వలేదు. "మరి గుడి?" అని అడిగాడు. ఆ గుడి కూడా ఏ దొరగారి బంగళానో అని సారు అంటే, నలభై ఏళ్లుగా మొక్కిన మొక్కులన్నీ ఏం కావాలి?

"గుడి గుడే" అన్నాడు సారు. "వెస్తా అనే దేవతది. పొయ్యి దేవత. ఇంటింటి పొయ్యిలో ఉండే నిప్పు ఆమె. ఈ గుడిలో ఊరందరి తరఫున ఒక నిప్పు ఎప్పుడూ మండుతుండేది. ఆరిపోతే ఊరికి అరిష్టం అనుకునేవారు. కాపలాకు ఆడపిల్లలుండేవారు."

లక్ష్మీరాజం రెండు చేతులూ జోడించాడు. పొయ్యి దేవత! మగ్గం గుంటలో దొరికిన బిళ్లకూ కొత్తింటి పొయ్యికీ లంకె పెట్టిన ముత్తాతకు ఈ సంగతి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పి ఉండరు, అట్లా కుదిరింది అంతే. కుదిరినందుకే ఆయన ఒళ్లు జలదరించింది.

"ఆరు స్తంభాలుండాలి, అరిగి నాలుగు మిగిలాయి" సారు భూతద్దం దించాడు. "అది సరే. ఇదేంటి, చుట్టూ ఎవరు కొరికారు దీన్ని?"

లక్ష్మీరాజం చెప్పాడు. వాటాల సంగతి, ఆకురాయి సంగతి. సారు తల పట్టుకున్నాడు. కోపం వచ్చింది, కానీ పెద్దమనిషి కాబట్టి మింగాడు. "అయిందేదో అయింది. ఇకమీదట దీనికి ఆకురాయి తగలనివ్వకండి. రెండువేల ఏళ్లు భూమి దీన్ని ఏమీ చెయ్యలేదు, నాలుగు తరాల్లో మీరు ఇట్లా చేశారు. ఇంకొక్క గంటు పడితే గుడి ఉండదు."

ఆ మాట విని బాధపడాల్సిన మనిషి మెట్లు దిగుతూ ఈల వేసినంత పని చేశాడు. ఈయన సంబరం ఏమిటో ప్రసన్నకు అర్థం కాలేదు. మనకు అర్థమవుతుంది. రాకకూడదని తాను అనలేదు, చదువుకున్న పెద్దమనిషి అన్నాడు. రాకకపోతే వాటా లేదు, వాటా లేకపోతే అక్కడ పొయ్యి లేదు, పొయ్యి లేకపోతే తమ్ముడు ఎక్కడికి పోతాడు?

ఆ సాయంత్రం మొహానికి దిగులు తెచ్చిపెట్టుకొని తమ్ముణ్ణి పిలిచాడు. "ఏం జెయ్యాల్నో సమజైతలేదు రవీ. సారు గిట్ల గిట్ల అన్నడు. రెండువేల ఏండ్లదట. ఆకురాయి పెడితే గుడి పోతదట. నా చేతులతోటి నేనెట్ల కూలగొట్టాలె?"

రవీంద్ర అన్న మొహంలోకి చూశాడు. పెదాల కదలిక చూసి మాట పోల్చుకోవడం నేర్చుకున్నవాడికి మొహం చదవడం ఓ లెక్కా? "సరే అన్నా" అన్నాడు. గురువారం పొద్దున్నే ఒక టెంపో వచ్చింది. రవీంద్ర, అతని భార్య విజయశ్రీ, ఆరేళ్ల బిడ్డ, రెండు ట్రంకు పెట్టెలు, ఒక పరుపు. లక్ష్మీరాజం పనికి వెళ్లి తిరిగొచ్చేసరికి పక్క గది ఊడ్చి ఉంది.

పోనీ, వారం రోజులు అనుకున్నాడు. పొయ్యి ముట్టించకుండా ఎన్నాళ్లుంటారు? హోటల్ తిండి ఎన్నాళ్లు తింటారు? వాళ్లే వస్తారు. మొదటి రాత్రి ఈ ఆలోచన ధైర్యంగానే ఉంది. రెండో రాత్రి అన్నం ముందు కూర్చుంటే ఆరేళ్ల పిల్ల బండి దగ్గర వడాపావ్ తింటున్నట్టు కనిపించింది. ఆ పిల్లకు బయటి తిండి పడదు. మూడో రాత్రి ఆయన సగం తినే లేచాడు.

లలితమ్మ కంచం తీస్తూ అడిగింది. "ఏమయ్యా, గా సారు అనకుంటే నువ్వు రాకేటోనివేనా? నిజం జెప్పు."

ఆయన చెయ్యి తుడుచుకుంటూ అలమర పై అరకేసి చూశాడు.

"నువ్వు బిళ్లను కాపాడుతలేవు. తమ్ముణ్ణి ఆపుతున్నవు. ఆపితే ఆగిండా మరి?" కంచం టంగుమని పెట్టింది. "రేపు పోయి రా. పోతె నీకే ఎరుకైతది."

ఏం ఎరుకవుతుందో ఆమె చెప్పలేదు. లక్ష్మీరాజానికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆమె అన్నది నిజం. నిజమైనందుకే సిగ్గుగా ఉంది, ఆ సిగ్గు కంటే తమ్ముడు లేని బాధ ఎక్కువగా ఉంది. పొద్దున స్నానం చేసి, గుడిబిళ్ల జేబులో, ఆకురాయి సంచిలో వేసుకొని బస్సెక్కాడు. మెట్లు పోతే పోనీ అనుకున్నాడు. ఉధ్నా దాటేసరికి మళ్లీ, అయ్యో రెండువేల ఏళ్లు కదా అనుకున్నాడు. ఉన్ వచ్చేదాకా అదే వరస.

వరసగా కట్టిన కార్మికుల గదుల్లో రవీంద్ర గది ఏదో అడగాల్సిన పని పడలేదు. పోపు వాసన దూరం నుంచే తెలిసింది. ఎల్లిపాయ కారం వేసిన పప్పుచారు. అది ఆయన తల్లి భాగీరథి చేతి పోపు. ఆమె లలితమ్మకు నేర్పింది, లలితమ్మ విజయశ్రీకి నేర్పింది. సూరత్ మొత్తంలో ఆ పోపు ఇంకెవరూ పెట్టరు. లక్ష్మీరాజం గుమ్మంలో నిలబడిపోయాడు. లోపల గ్యాసు పొయ్యి మండుతోంది. విజయశ్రీ గరిటె పట్టుకొని వెనక్కి తిరిగి, ఆయన్ను చూసి, పొయ్యికి అడ్డంగా జరిగింది. అడ్డం జరిగితే మంట కనిపించకుండా పోతుందా?

"రా అన్నా" అని రవీంద్ర మంచం మీంచి లేచాడు.

లక్ష్మీరాజానికి ముందు కోపమే వచ్చింది. "ఎప్పుడు ముట్టిచ్చిన్రు?"

పిల్ల పెదనాయన్ని చూసి వచ్చి కాళ్లు పట్టుకుంది. పిల్ల నోటికి పప్పుచారు అంటుకొని ఉంది. కడుపు నిండిన పిల్ల. ఆయన కోపం సగం అక్కడే దిగిపోయింది.

"రూము దీసుకున్న నాడే బావా" అంది విజయశ్రీ, తల వంచుకొని. "లలితక్కనే ముట్టియ్యుమన్నది. పోరికి ఆకలైతే వాటా దాకా ఆగుతదా, ముందుగాల పాలు పొంగియ్యి, ఎనుకనుంచి అడుగున్రి అన్నది. అత్తమ్మ గూడ అక్కకు గట్లనే చెప్పిందట. అత్తమ్మకు వాళ్ల అత్తమ్మ చెప్పిందట. అప్పటిసంది గంతేనట బావా. మగోళ్లకు చెప్పరట."

లక్ష్మీరాజం మంచం అంచున కూర్చున్నాడు. జేబులో బిళ్ల తొడకు తగులుతోంది. తాత తమ్ముళ్లు ఇద్దరు, బాపు తమ్ముళ్లు ముగ్గురు. ఐదు పొయ్యిలూ ముందే ముట్టాయన్నమాట. ఐదుసార్లూ ఇంటి పెద్దలు తామేదో పొయ్యికి అనుమతి ఇస్తున్నట్టు గంభీరంగా ఆకురాయి పట్టారు. అటువైపు ఆడవాళ్లు అప్పటికే అన్నం వార్చి, గిన్నెలు తోమి, ఏమీ తెలియనట్టు కొంగు కప్పుకొని వచ్చి వాటా అందుకున్నారు. ఆయన నాలుగు రోజులుగా చేతిలో పట్టుకొని ఇవ్వనన్నది ఏమిటి మరి? దానితో ఏ పొయ్యీ ఆగలేదు.

"మరి ఎందుకడిగినవురా?" అన్నాడు. "ముట్టిచ్చుకున్నంక ఇగ వాటా ఎందుకు నీకు?"

రవీంద్ర గోడకేసి చూసి, అన్నకేసి చూసి, చివరికి అన్నాడు. "పొయ్యి కోసం కాదన్నా. అన్నం మేము వండుకుంటం. నువ్వు మనసు పెట్టి పంపిచ్చినవు అని నాకు ఉండాలె గదా. నువ్వు ఇయ్యనన్ననాడు, నేను దొంగ లెక్క పోయిన. టెంపోల కూసున్నంతసేపు ఎనుకకే చూసిన."

అంత పొడుగు మాట రవీంద్ర జన్మలో మాట్లాడి ఉండడు. లక్ష్మీరాజం లేచి సంచిలోంచి ఆకురాయి తీశాడు. అది చూసి రవీంద్ర చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దన్నా. సారు చెప్పింది నిజమే కావచ్చు. అంత పాతదాన్ని నాకోసం కరాబు చెయ్యకు. నువ్వొచ్చినవు, నాకు చాలు."

"సారు చెప్పింది నిజమే" అన్నాడు లక్ష్మీరాజం. "ఆయనకు అది గుడి. మనకు గిది వాటా. కాయిదం ఒకటి తే."

విజయశ్రీ పాత క్యాలెండర్ కాగితం తెచ్చి పరిచింది. లక్ష్మీరాజం బాసిపట్టు వేసుకొని కూర్చుని, ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుడిబిళ్లను బిగించాడు. మెట్లు కిందికి వచ్చేలా తిప్పాడు. ఒకసారి ఆగాడు. దేశాయి సారు మొహం గుర్తొచ్చింది. ఆయన తల పట్టుకోవడంలో ఏ తప్పూ లేదనిపించింది. తాను ఇప్పుడు చేస్తున్నది కూడా తప్పనిపించలేదు. రెండూ ఒకేసారి ఎట్లా నిజమవుతాయో తేల్చుకునే ఓపిక లేక ఆకురాయి ఆనించి రాకాడు. కీచుమని చప్పుడైంది. తెల్లటి రజను కాగితం మీద రాలింది. మెట్లు మూడు ఉండేవి, ఒకటి మిగిలింది.

ప్రాణం ఉసూరుమంది ఆయనకు. పోయిన మెట్లు మళ్లీ రావు. ఇకమీదట ఈ బిళ్ల మీద ఇంకెవరికీ వాటా తియ్యడానికి చోటు లేదు కూడా. కాగితం మడిచి, మడత విడిపోకుండా రెండు చేతులతో పట్టుకొని తమ్ముడికి ఇచ్చాడు. "బిళ్ల మంచిగ పోయించుకో. సుఖంగుండు" అన్నాడు. ఇన్ని రోజులుగా నోటిదాకా వచ్చి ఆగిన మాట ఇదే. రవీంద్ర వంగి అన్న కాళ్లు ముట్టుకున్నాడు.

విజయశ్రీ చాప పరిచి కంచం పెట్టింది. ఒక్క కంచమే, ఇంటికి వచ్చిన చుట్టానికి ముందు పెట్టినట్టు. లక్ష్మీరాజం పక్కనున్న ఖాళీ చోటుకేసి చూసి, "నువ్వు గూడ కూసో" అన్నాడు తమ్ముడితో.

"నువ్వు తినన్నా. మా ఇంటికి మొదటిసారి వచ్చినవు" అన్నాడు రవీంద్ర. పక్కన నిలబడి గిన్నె అందుకున్నాడు. "చారు ఇంకింత పోసుకో."

మా ఇంటికి. తమ్ముడు ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, అన్నట్టు వాడికే తెలియలేదు. లక్ష్మీరాజానికి కళ్లనీళ్లు తిరిగాయి, చెంపల మీదుగా కారాయి. తుడుచుకుందామంటే కుడిచెయ్యి అన్నంలో ఉంది. పిల్ల వచ్చి ఆయన మొహంలోకి వింతగా చూసింది. ఆయన కంచంలో ఉన్నదంతా తిన్నాడు, ఒక్క మెతుకు వదలకుండా. ఏడుస్తూనే మారు అన్నం అడిగి పెట్టించుకున్నాడు.